రోజుకొక్క అబద్ధం

నా మనవరాలికి చదువంతా చెప్పింది నేనే. ఎవరేమనుకున్నా సరే, ఈ ముక్క ముందే గట్టిగా చెప్పేస్తున్నాను. గడగడా చదవడం నేర్పింది నేను, లెక్కలు ఒంటబట్టించింది నేను, మంచుగడ్డ నీళ్ళలో ఎందుకు తేలుతుందో విడమరిచి చెప్పింది నేను. పెద్ద కాలేజీల్లో చదివి కళ్ళజోళ్ళు పెట్టుకున్నవాళ్ళు కూడా నా పద్ధతి ముందు దిగదుడుపే. మా వీధిలో నన్ను కోతల తాత అంటారు. అది ఓర్వలేనివాళ్ళ మాట, పట్టించుకోకండి.

మాది త్రాసులు బాగుచేసే ఇల్లు. కింద షాపు, పైన రెండు గదులు. నలభై ఏళ్ళు నేను చేశాను. చేతులు వణకడం మొదలయ్యాక మా అమ్మాయి అందుకుంది. నాకు పళ్ళేలూ ముల్లూ ఉన్న పాత త్రాసులే తెలుసు. అంకెలు వెలిగే కొత్త మిషన్ల కడుపులో ఏముందో దానికి తెలుసు. అల్లుడు లారీ నడుపుతాడు, వారంలో ఐదు రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఇక మిగిలింది మనవరాలు. తొమ్మిదేళ్ళు. పుట్టినప్పుడు పిడికెడంత ఉంది, ఇప్పటికీ పెద్దగా పెరిగిందేమీ లేదు. అందుకే దాన్ని పిడికెడు అని పిలుస్తాను.

రెండేళ్ళ కిందటి దాకా అది బడికే వెళ్ళేది. దానికొక అలవాటుంది. ఏం చెప్పినా, "నీకెలా తెలుసు?" అని అడుగుతుంది. ఇంట్లో అయితే ముద్దుగానే ఉంటుంది. నలభై మంది పిల్లలున్న క్లాసులో మాత్రం టీచరుకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మొదట గోడవైపు తిప్పి నిలబెట్టారు. తర్వాత వరండాలో నిలబెట్టారు. మూడో నెలకి పిల్ల ప్రశ్నలు మానేసింది. నాలుగో నెలకి మాటలే మానేసింది. పొద్దున్నే పుస్తకాల సంచి చూడగానే కడుపు పట్టుకుని వాంతి చేసుకునేది. ఒక రోజు మా అమ్మాయి ఆ సంచి తీసి అటక మీదకి విసిరేసి, "ఇక ఇది ఇంట్లోనే చదువుతుంది" అంది. విద్యాశాఖ ఆఫీసు చుట్టూ నాలుగు సార్లు తిరిగి, కాగితాలు నింపి అనుమతి తెచ్చుకుంది. పొద్దున రెండు గంటలు తను పుస్తకాలు చెబుతుంది. మిగతా పొద్దంతా పిల్ల నా చేతికి.

నా పద్ధతి సులువు. రోజూ ఒక కథ చెబుతాను. అందులో ఒకే ఒక్క అబద్ధం పెడతాను. పొద్దు గుంకేలోపు దాన్ని పట్టుకుంటే నా చెవి మెలిపెట్టొచ్చు. పట్టుకోలేకపోతే దాని ముక్కు నేను పిండుతాను.

మొదటి రోజు చెప్పిన కథ నాకింకా గుర్తుంది. గోడగడియారం నెత్తిన పెట్టుకుని ఏరు ఈదానని చెప్పాను. చలికాలం, నడి ఏట్లో అలుపొస్తే, అడుగున పడి ఉన్న మంచుగడ్డ మీద కాళ్ళు ఆనించి కాసేపు నిలబడ్డాననీ, గడియారం ఒక్క నిమిషం కూడా వెనకబడలేదనీ చెప్పాను. పిల్ల ఏమీ అనలేదు. అప్పటికి నాలుగు నెలలుగా ఏమీ అనడం లేదు కదా. లేచి వెళ్ళింది. మూల మీది కూల్‌డ్రింకుల షాపులో మంచుముక్క అడిగి తెచ్చుకుంది. బకెట్లో వేసింది. చేత్తో అడుక్కి నొక్కింది. వదిలింది. మళ్ళీ నొక్కింది. తడి చేతులతో పరిగెత్తుకుంటూ వచ్చి, "తాతా, మంచు మునగదు!" అని అరిచింది.

నాలుగు నెలల తర్వాత మొదటి మాట అది. నా చెవి ఎంత గట్టిగా మెలిపెట్టిందంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెవి మంటకేనని మా అమ్మాయితో చెప్పాను.

"మరి నెత్తి మీద గడియారం సంగతి?" అనడిగాను.

"అది కోత తాతా. కోత వేరు, అబద్ధం వేరు" అంది.

అలా మొదలైంది. పేపరు పైకి చదువుతూ మధ్యలో ఒక వాక్యం నా సొంతది కలిపేవాణ్ణి. కూడబలుక్కుంటూ చదివే పిల్ల నన్ను పట్టుకోవడానికే గడగడా చదవడం నేర్చుకుంది. తప్పుడు లెక్క చెబితే దాన్ని పట్టుకోవడానికి భాగహారం దాకా వెళ్ళింది. సాయంత్రానికి దొరక్కపోతే వీధిలో అందర్నీ అడిగేది. మెకానిక్‌ని, మందుల షాపతన్ని, బస్సు దిగి ఇంటికెళ్ళే నర్సమ్మని. వాళ్ళు నన్ను చూసి, "ఏం పెద్దాయనా, ఇవాళ ఏం వదిలావ్?" అని నవ్వేవాళ్ళు.

ఒకే ఒక్కసారి దానికి ద్రోహం చేశాను. ఒక రోజు జ్వరంగా ఉందని చెప్పి, "ఇవాళ ఓపిక లేదురా, అబద్ధం పెట్టలేదు" అని, తల అడ్డంగా ఊపి మరీ నమ్మించాను. నిజానికి పెట్టాను. పిల్ల నమ్మి హాయిగా ఆడుకుంది. పొద్దు గుంకగానే ముక్కు పిండాను. ఆ రాత్రి అది నాతో మాట్లాడలేదు. అప్పట్నుంచి నేను లేదంటే, ఉందనే దాని లెక్క. అప్పుడది నాకు తమాషాగా ఉండింది.

ఇంటి చదువుకి అనుమతి ఉన్నవాళ్ళకి ఏడాదికోసారి ఆఫీసు నుంచి ఒకరొచ్చి పరీక్ష పెడతారు. ఇరవై ప్రశ్నలు, గంట టైము. పన్నెండింటికి సరైన జవాబు రాస్తే ఇంటి చదువు కొనసాగుతుంది. లేకపోతే సోమవారం నుంచి బడికి పంపాలి. మాకు దగ్గర్లో ఉన్నది ఒక్కటే బడి. అదే బడి, అదే వరండా.

పోయినేడు వచ్చినాయన సగం నిద్రలో నోటితోనే నాలుగు ప్రశ్నలడిగి, టీ తాగి వెళ్ళిపోయాడు. ఈసారి కొత్తావిడ వస్తోందని తెలిసింది. ఈ నెలలోనే మూడిళ్ళ అనుమతులు రద్దు చేసిందట. ఆ మాట విన్నప్పట్నుంచి మా అమ్మాయికి అన్నం సయించలేదు. పిల్ల పొద్దున లేచి కడుపు మీద చెయ్యి పెట్టుకోవడం రెండుసార్లు చూశాను. చూసి, చూడనట్టు ఊరుకున్నాను.

పరీక్షకి ముందురోజు మా అమ్మాయి నా ముందుకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"నాన్నా, రేపు నువ్వు నోరు విప్పకూడదు."

"నోరు విప్పకపోతే గాలెలా పీల్చుకోనే?"

"ముక్కుంది కదా. తమాషా కాదు నాన్నా. ఇంట్లోవాళ్ళు గదిలో ఉండొచ్చు గానీ, పరీక్ష జరుగుతుండగా ఒక్క మాట మాట్లాడినా రద్దు చేస్తారని రాశారు. నువ్వు పైకెళ్ళి పడుకో."

"తాత ఉండాలి" అంది పిడికెడు, బల్లకింద నుంచి. అది అక్కడుందని మా ఇద్దరికీ తెలియదు.

మా అమ్మాయి వంగి దాన్ని బల్లకింద నుంచి బయటికి లాగింది. "అయితే నోట్లో స్క్రూలు పెట్టుకుని పని చేసుకుంటూ కూర్చో" అంది.

మా పనిలో అదొక అలవాటు. మిషను విప్పినప్పుడు చిన్న స్క్రూలు దొర్లిపోకుండా పెదాల మధ్య పెట్టుకుంటాం. మా అమ్మాయి చిన్నప్పుడు నా నోట్లో స్క్రూలుంటేనే ధైర్యంగా అల్లరి చేసేది, తిట్టలేనని.

"ఇంకో మాట" అంది వెళ్ళబోతూ ఆగి. "ఈ వారం నీ కథలు ఆపమన్నాను. ఆపావా?"

"ఆపాను" అన్నాను.

ఆపలేదు.

పొద్దున సరిగ్గా పదింటికి ఆవిడ వచ్చింది. సన్నగా, పొడుగ్గా, భుజానికి పచ్చ సంచి. చేతి గడియారం ముంజేతికి లోపలివైపు పెట్టుకుంది. టైము చూసుకోవాలంటే అరచెయ్యి తిప్పేది. టీ వద్దంది. మంచినీళ్ళ గ్లాసు చాలంది. షట్టరు సగం దించి, షాపు వెనక గదిలో బల్లకి అటూ ఇటూ ఇద్దరూ కూర్చున్నారు. మా అమ్మాయి గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుంది. నేను మూలన నా పని బల్ల ముందు, విప్పిన మిషనుతో, పెదాల మధ్య నాలుగు స్క్రూలతో.

ఆవిడ కాగితం పిల్ల ముందు పెట్టి, అరచెయ్యి తిప్పి చూసుకుని, "మొదలుపెట్టు" అంది.

పిడికెడు కాగితం చదివింది. మొదట్నుంచి చివరిదాకా. మళ్ళీ మొదట్నుంచి చదివింది. పెన్సిలు ముట్టుకోలేదు. ఐదు నిమిషాలైంది. పది నిమిషాలైంది. అప్పుడు దాని ఎడమ చెయ్యి మెల్లగా లేచి చెవితమ్మె పట్టుకుని రుద్దుకోవడం మొదలుపెట్టింది.

ఆ చెవి రుద్దుకోవడం ఏమిటో ఈ ప్రపంచంలో నాకొక్కడికే తెలుసు. కథలో అబద్ధం వెతికేటప్పుడు అలా రుద్దుకుంటుంది. పిల్ల జవాబులు వెతకడం లేదు. కాగితంలో అబద్ధం వెతుకుతోంది.

"మేడం, ఒకటేనా?" అంది తలెత్తి.

"ఏంటి ఒకటి?"

"అబద్ధం. ఒకటే ఉందా, ఎక్కువున్నాయా?"

గుమ్మం దగ్గర మా అమ్మాయి గుడ్లురిమి నా వైపు చూసింది. ఆ చూపుకి స్క్రూలు కరిగిపోవలసింది.

"ఇది ప్రశ్నపత్రం. ఇందులో అబద్ధాలుండవు" అంది ఆవిడ.

పిడికెడు ఆవిణ్ణి చూసి, మాకంతా తెలుసులే అన్నట్టు చిన్నగా నవ్వింది. "అలాగే మేడం. మా తాత కూడా అలాగే అంటాడు" అని మళ్ళీ కాగితంలోకి దూరిపోయింది.

లేదంటే ఉన్నట్టేనని దానికి నేర్పింది నేనే కదా. ఆవిడ ఎన్నిసార్లు లేదంటే పిల్ల అంత గట్టిగా వెతుకుతుంది. అందులో లేనిదాన్ని గంటసేపు వెతుకుతుంది. తర్వాత సోమవారం వస్తుంది. అటక మీద సంచి కిందకి దిగుతుంది.

పదిహేను నిమిషాలు. ఆవిడ తన పుస్తకంలో ఏదో రాసుకుంది. ఇరవై. పిల్ల మూడో ప్రశ్న మీద వేలు పెట్టి, తీసి, తొమ్మిదో ప్రశ్న మీద పెట్టింది. ఇరవై ఐదు. మా అమ్మాయి పమిట కొంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, చుట్టుకుంటోంది. వేలి కొస తెల్లబడిపోయింది. వీధిలో ఎవరో షట్టరు తట్టి, "అక్కా, నా త్రాసయిందా?" అని అరిచారు. ఎవరూ పలకలేదు. తిట్టుకుంటూ వెళ్ళిపోయారు.

ముప్ఫయ్యో నిమిషంలో ఆవిడ ఫోను మోగింది. గుమ్మం దాకా వెళ్ళి, మాకు వీపు పెట్టి, గొంతు తగ్గించి మాట్లాడింది. సరిగ్గా అప్పుడే పిడికెడు తలెత్తి నా వైపు చూసింది. ఉందా, లేదా, అని అడుగుతున్నాయి ఆ కళ్ళు. నోట్లో స్క్రూలుంటేనేం, తలకి అడ్డం ఏముంది? ఒక్కసారి అడ్డంగా ఊపితే చాలు. కానీ నేను ఊపలేదు. పరీక్ష అంటే పరీక్షే. కొయ్యబొమ్మలా కూర్చున్నాను, కనురెప్ప కూడా కదపలేదు. నిజాయితీ అంటే అదీ.

ఆవిడ తిరిగొచ్చి కూర్చుని, అరచెయ్యి తిప్పి, "ఇంకా ఇరవై ఐదు నిమిషాలే" అంది. ఆ మాటకి ఉలిక్కిపడి ఒక స్క్రూ మింగేశాను.

దగ్గు తన్నుకొచ్చింది. దగ్గితే మాట కిందికి వస్తుందో రాదో తెలియదు. ఊపిరి బిగబట్టాను. కళ్ళు ఎర్రబడ్డాయి, ముచ్చెమటలు పోశాయి. స్క్రూ నెమ్మదిగా దాని దారిన అది పోయింది.

పిడికెడు చెవి వదిలేసింది. పెన్సిలు అందుకుంది.

రాసింది. అదైనా తిన్నగా రాయలేదు. చివరి ప్రశ్న నుంచి వెనక్కి మొదలుపెట్టింది. ప్రతి లెక్కా చేసి, దాన్నే తిరగేసి మళ్ళీ చేసి, రెండూ కలిస్తేనే రాసింది. మా ఇంట్లో అదొక నియమం. త్రాసుని ఒక్క తూకంతో ఎప్పుడూ నమ్మం. పళ్ళేలు మార్చి ఇంకోసారి తూస్తాం. అటు వస్తువు ఇటు, ఇటు రాళ్ళు అటు. రెండుసార్లూ ముల్లు మధ్యలో నిలిస్తేనే ఆ త్రాసు మంచిది. పిల్ల అన్నిటికీ అదే పట్టుకుంది. బంగారం లాంటి అలవాటు. కానీ ఆ గంటలో అది మా పాలిట శత్రువైంది. ఒక ప్రశ్నకి రెండు ప్రశ్నల టైము పడుతోంది.

ఐదు. ఏడు. పది. నేను దాని పెన్సిలు వైపు చూడ్డం మానేసి ఆవిడ ముంజేతి వైపు చూడ్డం మొదలుపెట్టాను. పన్నెండోది రాస్తుండగా అరచెయ్యి తిరిగింది.

"ఆపు."

ఎనిమిది ఖాళీ. పన్నెండు రాసింది. పన్నెండూ సరైనవైతేనే గట్టెక్కుతాం.

ఆవిడ ఎర్ర పెన్ను తీసింది. దిద్దుతుంటే పెన్ను గీసుకునే చప్పుడు తప్ప గదిలో ఇంకేమీ లేదు. ఒకటి సరైనది. రెండు. మూడు. మా అమ్మాయి పెదాలు కదులుతున్నాయి, తనూ లెక్కపెడుతోంది. తొమ్మిది. పది. పదకొండు.

పన్నెండో దాని దగ్గర పెన్ను ఆగింది.

"ఇదేంటి?" అంది ఆవిడ.

ఆ ప్రశ్నలో త్రాసు బొమ్మ ఉంది. ఎడమ పళ్ళెంలో గుమ్మడికాయ, కుడి పళ్ళెంలో రెండు కిలోల రాయి, ముల్లు సరిగ్గా మధ్యలో. గుమ్మడికాయ బరువెంత? చంటిపిల్లాడైనా రెండు కిలోలు అని రాస్తాడు. మా పిడికెడు, 'పళ్ళేలు మార్చి తూచేదాకా చెప్పలేను' అని రాసింది.

ఆవిడ అడ్డగీత గీసింది.

మా అమ్మాయి స్టూలు మీద నుంచి లేచి, లేచిన కారణం మరిచిపోయినట్టు మళ్ళీ కూర్చుంది. నా నోట్లో మూడు స్క్రూలూ చేదెక్కాయి. మిగతా ఇళ్ళలో పిల్లలెవరూ చెయ్యని తప్పు. త్రాసులు బాగుచేసే ఇంట్లో పుట్టిన పిల్ల మాత్రమే చెయ్యగల తప్పు.

"జవాబు రెండు కిలోలు" అంది ఆవిడ.

"మీరు మార్చి తూచారా మేడం?"

"బొమ్మలో ఎలా తూస్తాం?"

పిడికెడు నోరు తెరిచింది. ఏమడగబోతోందో నాకు తెలుసు. వద్దే తల్లీ, ఇక్కడ వద్దే, అని లోపల్లోపల మొత్తుకున్నాను. ఆ ఒక్క మాటకే దాన్ని గోడవైపు తిప్పింది, ఆ ఒక్క మాటకే వరండాలో నిలబెట్టింది. పిల్లకీ అది గుర్తొచ్చిందనుకుంటాను. ముఖం పాలిపోయింది. చెయ్యి కడుపు మీదకి వెళ్ళింది. అయినా అడిగింది.

"మరి మీకెలా తెలుసు?"

రెండేళ్ళ తర్వాత పరాయి మనిషిని అది ఆ మాట అడగడం అదే మొదలు.

ఆవిడ పిల్ల ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. వీధిలో ఏదో బండి వెళ్ళి, దాని చప్పుడు మొత్తం పోయేదాకా చూసింది. తర్వాత పెన్నుకి మూత పెట్టి, "చూపించు" అంది.

పిడికెడు పరుగున వచ్చి నా బల్ల మీది పాత త్రాసు రెండు చేతులా ఎత్తుకుపోయింది. దాని సంగతి చెప్పాలి. ముప్ఫై ఏళ్ళ కిందట ఒక వ్యాపారి దగ్గర తూనికల ఆఫీసు వాళ్ళు పట్టుకున్న దొంగ త్రాసది. పనికిరానిదని పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను. ఖాళీగా ఉంటే ముల్లు ముచ్చటగా మధ్యలో నిలబడుతుంది. కానీ కడ్డీకి ఒకవైపు చెయ్యి రెండోదానికన్నా అర వేలు పొడుగు. కంటికి ఆనదు. మా అమ్మాయికి పని నేర్పింది దాని మీదే, దాని కూతురికీ దాని మీదే.

"మీ సంచి ఇవ్వండి మేడం" అంది పిడికెడు. పచ్చ సంచి ఒక పళ్ళెంలో పెట్టింది. రెండో దాంట్లో కిలో రాయి పెట్టింది. రెండువందల గ్రాములది పెట్టింది. వందది పెట్టింది. ముల్లు ఊగి ఊగి మధ్యలో నిలిచింది.

"ఎంత మేడం?"

"పదమూడు వందల గ్రాములు."

"ఇప్పుడు మీరే మార్చండి."

ఆవిడ లేచింది. సంచి అటు పెట్టింది, రాళ్ళు ఇటు పెట్టింది. చెయ్యి తియ్యగానే రాళ్ళ పళ్ళెం ధన్‌మని కిందకి దిగి, ఆవిడ సంచి పైకి లేచింది.

మా అమ్మాయి స్టూలు ముందుకి లాక్కుంది. నేను మెడ మాత్రం చాచాను.

ఆవిడే వంద గ్రాముల రాయి తీసేసింది. ముల్లు మధ్యకొచ్చింది. "పన్నెండు వందలు" అంది, తనలో తను చెప్పుకుంటున్నట్టు. "మరి అసలు బరువెంత?"

"రెండిటికీ మధ్యలో ఉంటుంది. ఇంచుమించు పన్నెండు వందల యాభై" అని పిడికెడు సంచి తీసి వాళ్ళమ్మ కొత్త మిషను మీద పెట్టింది. ఎర్ర అంకెలు తడబడి తడబడి 1249 దగ్గర ఆగాయి.

ఆవిడ అంకెల వైపు చూసింది, గుమ్మడికాయ బొమ్మ వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"పెద్దాయనా, ఇక మాట్లాడొచ్చు. ఈ పిల్లకి చదువు చెప్పింది ఎవరు?"

స్క్రూలు అరచేతిలోకి ఉమ్మాను. నేనే అని ఛాతీ విరుచుకుని చెప్పాల్సిన సమయం. పొద్దుట్నుంచీ కాదు, రెండేళ్ళుగా ఎవరైనా అడిగితే బావుండునని ఎదురుచూసిన ప్రశ్న. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"ఎవరూ చెప్పలేదండి. నేను చదివింది ఐదో క్లాసు, అదీ మా పల్లెబడిలో, పంతులుగారు ఊళ్ళో ఉన్న రోజుల్లో. మంచు ఎందుకు తేలుతుందో నాకిప్పటికీ తెలియదు. అదే నాకు చెప్పింది. రోజుకొక్క అబద్ధం చెప్పాను, అంతే. మిగతాదంతా నన్ను పట్టుకోవడానికి అదే నేర్చుకుంది."

మొత్తం చెప్పాను. చెవి, ముక్కు, పేపరు, జ్వరం వచ్చిందని మోసం చేసిన రోజు, అన్నీ. మా అమ్మాయి తల పట్టుకుంది. ఆవిడ నవ్వలేదు.

"మీరు పిల్లకి అనుమానించడం నేర్పారు. బాగా నేర్పారు. కానీ ఇవాళ తను ముప్ఫై ఐదు నిమిషాలు లేని అబద్ధం కోసం వెతికింది. ఎవరో కూర్చుని నిజాయితీగా రాసిన కాగితం అది. లేదని నేను చెప్పినా నమ్మలేదు. ఆ ముప్ఫై ఐదు నిమిషాలు మీ పనే కదా?"

కోతల తాతకి జవాబు దొరకని రోజు మా వీధి చరిత్రలో అదొక్కటే.

"మేడం, మా తాతని ఏమనకండి" అంది పిడికెడు. "నాకు వెతకడం ఇష్టం."

"తెలుస్తోంది" అంది ఆవిడ. పెన్ను మూత తీసి, అడ్డగీతని కొట్టేసి, పక్కన సరైనదని గుర్తు పెట్టి సంతకం చేసింది. పన్నెండు. మా అమ్మాయి నోట్లోంచి, అప్పటిదాకా ఎక్కడ దాచుకుందో, ఒక పెద్ద ఊపిరి బయటికొచ్చింది. ఆవిడ వేలెత్తింది.

"ఆగండి. ఏడాది ఇవ్వను. ఆరు నెలలే. మళ్ళీ నేనే వస్తాను. ఈసారి ఇరవై ప్రశ్నలూ రాయాలి. ఎవర్ని ఎప్పుడు నమ్మాలో కూడా చదువే పెద్దాయనా. అదీ నేర్పండి."

సంచి భుజాన వేసుకుంటూ, "రోజూ భుజం లాగేస్తుంటే ఐదు కిలోలుంటుందనుకున్నాను" అంది. షట్టరు కింద నుంచి వంగి వెళ్ళిపోయింది.

మా అమ్మాయి వెంటనే నా మీద పడుతుందనుకున్నాను. పడలేదు. నా అరచేతిలోకి చూసి, "నాన్నా, నాలుగుండాలి కదా, మూడే ఉన్నాయేం?" అంది. కడుపు చూపించాను. మందుల షాపతను వచ్చి, ఏమీ కాదు, అరటిపళ్ళు తినండి, రెండు రోజులు ఓపిక పట్టండి అన్నాడు. నాలుగో స్క్రూ మూడో రోజు చేరింది. ఆ మిషను ఇప్పుడు బాగానే తూస్తోంది, మిగతా వివరాలు మీకెందుకు.

ఆ సాయంత్రం పిడికెడూ నేనూ కొత్త ఒప్పందం చేసుకున్నాం. వారంలో ఒక రోజు కథలో అబద్ధం ఉండదు. ఆ రోజు నేను లేదంటే లేదు.

"ఏ రోజు?" అంది.

"నువ్వే చెప్పు."

"ఆదివారం."

"నమ్ముతావా?"

అది చెవితమ్మె పట్టుకుని కాసేపు రుద్దుకుంది. "నెల రోజులు చూసి చెబుతా" అంది.

నాలుగు ఆదివారాలు గడిచాయి. నాలుగుసార్లూ నిజాలే చెప్పాను. ఎంత కష్టమో అనుభవించినవాడికే తెలుస్తుంది. మొదటి రెండు ఆదివారాలూ పిల్ల సాయంత్రం దాకా వెతికింది. మూడో వారం మధ్యాహ్నానికి ఆపేసింది. నాలుగో వారం కథ అవగానే, "బావుంది తాతా" అని ఆడుకోవడానికి వెళ్ళిపోయింది. చెవి ముట్టుకోలేదు. నా చెవికి ఎందుకో చిన్నతనంగా అనిపించింది.

ఈ కథంతా రాసింది మాత్రం శనివారం. కాబట్టి ఒక్కటి పెట్టుకునే హక్కు నాకుంది. రాయగానే పిడికెడుకిచ్చాను. మెట్ల మీద కూర్చుని చదివింది. మీరంతా స్క్రూనే అనుమానించి ఉంటారు. స్క్రూ నిజం. పిడికెడు ఒక్కసారే చదివి, తిన్నగా వచ్చి నా చెవి మెలిపెట్టింది.

"మేడం ఫోను మాట్లాడుతున్నప్పుడు కొయ్యబొమ్మలా కూర్చున్నావా? నువ్వు తల ఊపావు తాతా. మూడుసార్లు."

ఊపాను. ఆవిడ వీపు తిరగ్గానే, లేదు, లేదు, లేదు, అని మెడ పట్టేసేలా ఊపాను. పిల్ల చూసింది. చూసి, ఇంకా గట్టిగా వెతికింది.